జవాబు చెప్పే ఠాణా

స్మారకోపన్యాసం పూర్తి పాఠం



స్మారకోపన్యాసాలు ఎక్కువగా పెద్ద పదవులు చేసినవారి పేరిట జరుగుతుంటాయి. కానిస్టేబుల్‌గా చేరి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన మన హెడ్డుగారి పేరిట సభ పెట్టి, పోలీసు వ్యవస్థ మంచిచెడ్డలు మాట్లాడుకుందాం అనుకోవడమే గొప్ప సంగతి. ఈ తలంపు చేసిన మిత్రులకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. వారు నాకిచ్చిన విషయం: బస్తీకీ ఠాణాకీ నడుమ నమ్మకం పెరగడానికి ఆన్‌లైన్ సాధనాలు ఎంతవరకు అక్కరకొస్తాయి? హెడ్డుగారి సర్వీసంతా సైకిలు, లాఠీ, కాగితాలతో గడిచింది. ఫేస్‌బుక్, వాట్సాప్ ఆయన కాలానివి కావు. అయినా ఈ విషయం మాట్లాడటానికి ఆయన పేరే తగినదని నా అభిప్రాయం.

ఆయన చొక్కా జేబులో చిన్న నోటుబుక్కు ఉండేదని ఇక్కడున్న చాలామందికి తెలుసు. బీటుకు పోయినప్పుడు ఎవరు ఏం చెప్పుకున్నా అందులో రాసుకునేవారు. వాటిలో కేసు కట్టదగినవి కొన్నే. గెట్టు తగాదాలు, తాగొచ్చి కొట్టే మొగుళ్లు, పట్నం పోయి కబురు లేని కొడుకులు, తప్పిపోయిన జీవాలు, ఇలాంటివే ఎక్కువ. ఒక అవ్వ మేక పోయిందని చెప్పుకుంది. వారం తిరగకుండానే ఆయన ఆమె గుడిసె ముందు సైకిలు ఆపి, "దొరకలేదవ్వా. రెండు అంగళ్లు తిరిగి చూసిన. వచ్చే వారం ఇంకో అంగడికి పోయి చూస్త" అని చెప్పారు. మేక ఆ తర్వాత కూడా దొరకలేదు. కానీ ఊళ్లో ఎవరికి ఏ ఆపద వచ్చినా ఆ అవ్వ మాత్రం "ముందుగాల హెడ్డుసారుకు చెప్పుండ్రి" అనేది.

పోయిన మేక దొరకలేదు, పోలీసు మీద నమ్మకం మాత్రం కుదిరింది. ఇది ఎలా సాధ్యమైందో అర్థం చేసుకుంటే నా ప్రసంగం సగం పూర్తయినట్టే. టామ్ టైలర్ అనే అమెరికన్ పరిశోధకుడు షికాగో నగరవాసుల అనుభవాలను పరిశీలించి 1990లో 'వై పీపుల్ ఒబే ద లా' అనే పుస్తకం రాశారు. తమకు అనుకూలమైన ఫలితం వచ్చిందా లేదా అన్నదానికంటే, తమ మాట విన్నారా, మర్యాదగా చూశారా, పక్షపాతం లేకుండా నడుచుకున్నారా అన్నదాన్ని బట్టే జనం చట్టాన్నీ అధికారులనూ గౌరవిస్తారని ఆయన తేల్చారు. హెడ్డుగారు ఆ పుస్తకం చదవలేదు. సైకిలు ఆపి చెప్పిన ఆ ఒక్క మాటతో అదే పని చేశారు.

నేను ఈరోజు చెప్పదలుచుకున్నది కూడా అదే. ఆన్‌లైన్‌లో పోలీసులు ఎంత కనబడితే నమ్మకం అంత పెరుగుతుందనుకోవడం పొరపాటు. అడిగినవాడికి జవాబు దొరికితేనే నమ్మకం పెరుగుతుంది. ఆ జవాబు మన ఠాణా నుంచి, మనకు తెలిసిన మనిషి నుంచి, చేసిన పని గురించి రావాలి.

భయం మూలాలు

పరువుగల మనిషి ఠాణా మెట్లు ఎక్కకూడదనే మాట మన ఇళ్లలో తరతరాలుగా వినబడుతోంది. దొంగ వెళ్లడానికే కాదు, దొంగతనం జరిగినవాడు వెళ్లడానికీ జంకే చోటు అది. ఈ భయం ఊరికే పుట్టలేదు. 1829లో లండన్‌లో రాబర్ట్ పీల్ మెట్రోపాలిటన్ పోలీసును ఏర్పాటు చేసినప్పుడు, సైనికుల ఎర్ర కోటుకు భిన్నంగా కనబడాలని పోలీసులకు నీలం దుస్తులు ఇచ్చారు. జనం సమ్మతితో నడిచే పోలీసు అనే ఆలోచన అక్కడ వేళ్లూనుకుంది. మన దేశానికి వచ్చేసరికి ఆ బ్రిటిష్ ప్రభుత్వమే 1857 తిరుగుబాటు తర్వాత, 1861లో తెచ్చిన పోలీసు చట్టానికి ఐర్లండ్‌లోని సాయుధ పోలీసు దళాన్ని నమూనాగా తీసుకుంది. జనాన్ని అదుపులో పెట్టడం దాని ప్రధాన లక్ష్యం. జనంతో మాట్లాడటం దాని పనుల జాబితాలో లేదు.

నిజాం రాజ్యంలో మనకు కొత్వాలు, అంటే నగర పోలీసు అధిపతి, ఉండేవాడు. 1920 నుంచి 1934 వరకు హైదరాబాద్ కొత్వాలుగా పనిచేసిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పేరు నేటికీ ఆదరంగా తలుచుకుంటున్నాం. ఆయన ఈ పాలమూరు బిడ్డే. మంచి అధికారులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. చట్టం మాత్రం పాతదే. నిజాం కాలపు ఫసలీ లెక్కలో 1348 నాటి హైదరాబాద్ సిటీ పోలీసు చట్టం స్వాతంత్ర్యం వచ్చి, రాష్ట్రాలు మారినా అమల్లో కొనసాగుతూ వచ్చింది.

చట్టం సంగతి అలా ఉండగా, జనం జ్ఞాపకంలో ఉన్నవి వేరు. 1978 మార్చిలో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళపై అత్యాచారం, ఆమె భర్త మరణం హైదరాబాద్‌ను అట్టుడికించాయి. కాల్పులు, కర్ఫ్యూ, ఆ తర్వాత జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారణ, ఇవన్నీ ఒక తరం మరిచిపోలేదు. లాకప్ మరణాలు, ఎన్‌కౌంటర్లు, ఉద్యమాల కాలంలో ఊళ్లమీద పడిన బలగాలు, వీటన్నిటినీ చూసిన ఇళ్లు ఈ జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. వీటిని పక్కనబెట్టి "మా పేజీని లైక్ చేయండి" అంటే నమ్మకం రాదు. జనం దగ్గర పోలీసుకు పాత బాకీ ఉంది. ఆన్‌లైన్ సాధనం పనికొస్తే ఆ బాకీ కొద్దికొద్దిగా తీర్చడానికి పనికి రావాలి.

గద్వాల, 2018 వేసవి

మన పక్కనే జరిగిన ఒక మంచి ఉదాహరణతో మొదలుపెడతాను. 2018లో దేశమంతా పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయనే పుకారు వాట్సాప్‌లో వ్యాపించింది. అప్పట్లో చేతులు మారిన ఒక వీడియో కరాచీలో పిల్లల భద్రత గురించి అవగాహన కోసం తీసింది. చివరి భాగం కత్తిరించేసరికి అది నిజమైన కిడ్నాప్‌లా కనబడింది. ఆ ఏడాది మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను మూక కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్రలోని ధులే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని చంపారు. అదే నెలలో బీదర్ జిల్లాలో పిల్లలకు చాక్లెట్లు పంచిన పాపానికి హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒకరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఐదు చాట్‌లకు మించి ఒకేసారి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది ఆ తర్వాతే.

జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పుడు ఎస్పీగా ఉన్నవారు రెమా రాజేశ్వరి. ఊరికొక పోలీసు బాధ్యత వహించే పద్ధతిని ఆమె పెట్టారు. ఆ కానిస్టేబుళ్లు ఊళ్లు తిరుగుతూ ఒక మార్పు గమనించారు. ఎండాకాలం రాత్రిళ్లు ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే మనుషులు తలుపులు బిగించుకుని లోపల పడుకుంటున్నారు. ఎందుకని అడిగితే ఫోన్లు తీసి ఆ వీడియోలు చూపించారు. పుకారు సంగతి ఠాణాకు తెలిసింది కంప్యూటర్ తెర మీద కాదు, ఖాళీగా ఉన్న వాకిళ్లను చూసిన కానిస్టేబుల్ కళ్లతో.

ఆ తర్వాత జరిగిన పనిలో రెండు పాయలు ఉన్నాయి. ఒకటి ఊళ్లో: డప్పు కొట్టి, పాట కట్టి, కళాజాతలతో, సర్పంచులతో, రాత్రి సమావేశాలతో ఈ వీడియోలు అబద్ధమని చెప్పారు. రెండోది ఫోన్‌లో: ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పోలీసులు చేరారు. అనుమానం కలిగించే మెసేజ్ వస్తే నలుగురికి పంపే ముందు మీ ఊరి పోలీసుకు పంపండి, నిజమో కాదో ఆయన చెబుతాడు అన్నారు. గద్వాల, వనపర్తి ప్రాంతంలో 400కు పైగా ఊళ్లలో ఈ పని సాగింది. దేశంలో పలుచోట్ల మూకదాడుల్లో మనుషులు చచ్చిపోతున్న ఆ కాలంలో ఇక్కడ ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ఇందులో మనం గమనించాల్సింది క్రమం. ముందు మనిషి ఊళ్లోకి వచ్చాడు, తర్వాత గ్రూపులోకి వచ్చాడు. గ్రూపులో "ఇది అబద్ధం" అని రాసింది ఎక్కడో హెడ్‌క్వార్టర్స్‌లో ఉన్న పేరులేని ఖాతా అయితే, ఆ మాట వందలో ఒక మాటగా కొట్టుకుపోయేది. మొన్న మన చావిడి దగ్గర కూర్చున్న పోలీసు రాశాడు కాబట్టి నమ్మారు.

మాంచెస్టర్, లండన్, న్యూయార్క్ చెప్పే పాఠాలు

ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రతి పేటకూ ఒక పోలీసు బృందం ఉండాలనే కార్యక్రమం 2005 నుంచి 2008 మధ్య అమలైంది. 2011 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వం వీధుల వారీగా నేరాల వివరాలను మ్యాపు మీద ఆన్‌లైన్‌లో పెట్టింది. తన వీధి పేరు కొడితే ఆ నెలలో చుట్టుపక్కల ఏం నేరాలు జరిగాయో, ఆ పేటకు బాధ్యులైన పోలీసులు ఎవరో సామాన్యుడికి కనబడేది. మొదటి రోజే జనం తాకిడికి ఆ వెబ్‌సైట్ కుప్పకూలింది. తెలుసుకోవాలనే కోరిక జనంలో ఎంత ఉందో దాన్నిబట్టే అర్థమవుతుంది.

అంతకు ముందు ఏడాది, 2010 అక్టోబర్ 14న గ్రేటర్ మాంచెస్టర్ పోలీసులు ఒక ప్రయోగం చేశారు. 24 గంటల పాటు తమకు వచ్చిన ప్రతి ఫిర్యాదునూ ట్విట్టర్‌లో పెట్టారు. మొత్తం 3,205. దొంగతనాలు, కొట్లాటలతో పాటు ఇల్లు మరిచిపోయిన ముసలివాళ్లు, రోడ్డు మీద పశువులు, వంతెన మీద ఎవరో పసిబిడ్డను పట్టుకుని నిలబడ్డారని ఫోన్ వస్తే వెళ్లి చూడగా వంతెనంటే భయపడే కుక్కను ఎత్తుకున్న మనిషి. పోలీసు రోజు నిజంగా ఎలా గడుస్తుందో ఆ ఒక్కరోజులో లోకానికి తెలిసింది. ఇందులో పొగడ్త లేదు, ఫొటో లేదు, చేసిన పని మాత్రమే ఉంది.

2011 ఆగస్టులో లండన్‌లో అల్లర్లు చెలరేగాయి. మొదలైన తీరు మనం గుర్తుపెట్టుకోవాలి. టోటెన్‌హామ్‌లో మార్క్ డుగ్గన్ అనే యువకుడు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. రెండు రోజుల తర్వాత అతని కుటుంబం, పేట జనం ఠాణా ముందుకు వచ్చి ఏం జరిగిందో చెప్పమన్నారు. గంటల తరబడి నిలబడినా తృప్తికరమైన జవాబు చెప్పే పెద్ద అధికారి రాలేదు. చీకటి పడేసరికి ఆ పేట తగలబడింది. మరణవార్తను కుటుంబానికి సరిగా తెలియజేయనందుకు పోలీసులు తర్వాత క్షమాపణ చెప్పారు. అల్లర్లకు పేదరికం, వివక్ష వంటి లోతైన కారణాలు ఉన్నాయి. కానీ నిప్పు రాజుకున్నది జవాబు దొరకని ఆ సాయంత్రమే.

ఆ అల్లర్ల కాలంలో లండన్, మాంచెస్టర్ పోలీసులు ట్విట్టర్‌ను వాడిన తీరును డెనెఫ్, బాయెర్ల్, కాప్టెయిన్ అనే పరిశోధకులు పరిశీలించి 2013లో ప్రచురించారు. లండన్ పోలీసులు అధికారిక భాషలో ప్రకటనలు ఇచ్చారు. మాంచెస్టర్ పోలీసులు మామూలు మాటల్లో, ఒక్కొక్కరికి బదులిస్తూ మాట్లాడారు. జనానికి దగ్గరైంది మాంచెస్టర్ పద్ధతే. అయితే దాన్ని నిలబెట్టుకోవడానికి మనుషులూ సమయమూ చాలా కావాల్సి వచ్చిందని కూడా వారు రాశారు. ఇది మన అధికారులు రెండుసార్లు చదవాల్సిన మాట. జవాబు ఉచితంగా రాదు.

న్యూయార్క్ అనుభవం ఇంకొకటి. 2014 ఏప్రిల్‌లో అక్కడి పోలీసు శాఖ, పోలీసులతో మీరు దిగిన ఫొటోలు పెట్టండని ట్విట్టర్‌లో పిలుపునిచ్చింది. జనం పెట్టారు, పోలీసులు మనుషులను కొడుతున్న ఫొటోలు. బయట తగువు తీరకుండా ఆన్‌లైన్‌లో మెప్పు అడిగితే అదే జరుగుతుంది. లండన్ పోలీసుకు కూడా సోషల్ మీడియాలో పెద్ద ఉనికి ఉంది. అయినా 2021లో ఒక పోలీసు అధికారే ఒక యువతిని అపహరించి చంపిన తర్వాత, 2023లో లూయీజ్ కేసీ ఇచ్చిన నివేదికలో జనం నమ్మకం ఎంత దిగజారిందో, పేటల్లో పోలీసు బృందాలు ఎంత బలహీనపడ్డాయో బయటపడింది. పోస్టులు ఆ పతనాన్ని ఆపలేదు.

మన నగరం, మన యాప్‌లు

హైదరాబాద్‌కు వద్దాం. 2014 అక్టోబర్ 24న, ఆడవాళ్లను వేధించేవారిని పట్టుకునే షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు మొదలయ్యాయి. ఒక ఆడపిల్ల ఠాణాకు రాకుండానే, ఇంట్లో చెప్పకుండానే వాట్సాప్‌లో ఫిర్యాదు చేయగలిగింది. తన పేరు బయటకు రాదనే ధైర్యం దొరికింది. మఫ్టీలో వచ్చిన బృందం బస్టాపులో వేధించేవాడిని పట్టుకుంది. ఈ ఏర్పాటు పేరు తెచ్చుకోవడానికి కారణం సాంకేతికత కంటే, మెసేజ్ పెట్టిన అమ్మాయికి మళ్లీ ఫోన్ రావడమే. ఆ వెనుక హింసకు గురైన మహిళలకు, పిల్లలకు అండగా 2016లో వచ్చిన భరోసా కేంద్రం కూడా అదే దారిలో నడిచింది.

మరోవైపు చూస్తే, 2021 అక్టోబర్‌లో హైదరాబాద్ రోడ్ల మీద పోలీసులు యువకులను ఆపి, గంజాయి అనే పదం కోసం వారి ఫోన్లలో వాట్సాప్ చాట్‌లు వెతుకుతున్న వీడియోలు బయటకు వచ్చాయి. పేదల బస్తీల్లో తెల్లవారుజామున చుట్టుముట్టి చేసే కార్డన్ సెర్చ్ సోదాకు కమ్యూనిటీ కాంటాక్ట్ ప్రోగ్రాం అని పేరు మార్చి, ఆ సోదాల ఫొటోలను సోషల్ మీడియా పేజీల్లో గర్వంగా పెట్టడం మామూలైంది. నిద్ర కళ్లతో వాకిట్లో నిలబడ్డ ఒక తల్లి, ఆధార్ కార్డు పట్టుకున్న ఆమె కొడుకు ఆ ఫొటోలో ఉంటారు. వారు నేరం చేయలేదు. కానీ ఆ ఫొటో చూసిన పొరుగువాళ్ల కళ్లలో అనుమానం మొలుస్తుంది. పోలీసు పేజీకి వంద లైకులు వచ్చిన ఆ పూట ఆ బస్తీలో నమ్మకం ఎంత పోయిందో ఎవరూ లెక్కవేయరు.

ఇక డేటా భద్రత. తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్‌లోకి జొరబడి సమాచారం దొంగిలించారని 2024లో పోలీసులే ధ్రువీకరించి, జూన్‌లో ఒక విద్యార్థిని అరెస్టు చేశారు. దొంగ దొరకడం మంచిదే. అయితే తనకు జరిగిన అన్యాయాన్ని యాప్‌లో చెప్పుకున్న మహిళ, అది ఎవరి చేతిలో పడిందో అని భయపడితే ఆ భయానికి ఎవరు బదులు చెబుతారు? ఫిర్యాదును దాచలేని యాప్ ఫిర్యాదు అడగకూడదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో దిశ యాప్ వచ్చింది. ప్రభుత్వం మారాక 2025లో శక్తి యాప్ వచ్చింది. ఎవరు పెట్టినా ఆడవాళ్ల క్షేమమే ఉద్దేశమని ఒప్పుకుందాం. కానీ గ్రామాల్లో ఒక పేరును నమ్మడానికి ఏళ్లు పడుతుంది. అందుకే అక్కడ యాప్ కంటే గ్రామ, వార్డు సచివాలయాల్లో నియమించిన మహిళా పోలీసుల మీద నాకు ఎక్కువ ఆశ. యాప్ పేరు మారినా ఊళ్లో తిరిగే ఆ అమ్మాయి ముఖం జనానికి గుర్తుంటుంది. కేరళలో 2008లో మొదలైన జనమైత్రి పథకంలో బీటు అధికారి ఇంటింటికీ వెళ్లి పరిచయం చేసుకునే పద్ధతి ఉంది. అదే కేరళ పోలీసుల ఫేస్‌బుక్ పేజీ సినిమా మీమ్‌లతో లక్షల మందిని ఆకట్టుకుంది. మీమ్ నవ్విస్తుంది, మంచిదే. ఇంటికి వచ్చిన బీటు అధికారి లేకపోతే ఆ నవ్వు నమ్మకంగా మారదు.

భయమే పెట్టుబడిగా సాగే మోసం

ఈ మధ్య డిజిటల్ అరెస్టు పేరుతో జరుగుతున్న మోసాలు మీకు తెలుసు. వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా వేసుకున్నవాడు కనబడి, నీ పేరు మీద డ్రగ్స్ పార్సిల్ పట్టుబడింది, గది దాటి బయటకు పోవద్దు, ఎవరికీ చెప్పొద్దు అంటాడు. రిటైరైన టీచర్లు, డాక్టర్లు, బ్యాంకు ఉద్యోగులు, చదువుకున్న మనుషులు రోజుల తరబడి గదిలో కూర్చుని జీవితకాలపు పొదుపును ఆ దొంగ ఖాతాలకు పంపేశారు. మన చట్టంలో వీడియో కాల్‌లో అరెస్టు అనేది లేదు. సైబర్ మోసాల ఫిర్యాదుకు ఉన్న 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేస్తే డబ్బు ఆపే అవకాశం ఉందని ప్రభుత్వాలు ప్రచారం చేస్తూనే ఉన్నాయి.

అయినా ఈ మోసం ఎందుకు పారుతోంది? పోలీసు అంటే మనకు ఉన్న భయమే ఆ దొంగ పెట్టుబడి. ఖాకీ కనబడగానే నోరు పెగలదు. ఎదురు అడగడం నేరమనుకుంటాం. తన కాలనీ ఎస్సై నంబరు ఫోన్‌లో ఉండి, ఏ వేళ చేసినా మర్యాదగా పలుకుతాడనే అనుభవం ఆ పెద్దమనిషికి ఉంటే, రెండు నిమిషాలు పక్కకు వెళ్లి అడిగేవాడు. ఠాణాతో చనువు ఉన్న కాలనీలో ఈ మోసం నిలవడం కష్టం. కాబట్టి నమ్మకం అనేది పోలీసు శాఖకు అలంకారమని ఎవరూ అనుకోవద్దు. అది నేరాన్ని ఆపే ఆయుధం, అన్నిటికంటే చవకైనది కూడా.

ఎవరి గొంతు వినబడుతోంది?

ఆన్‌లైన్‌లో ఒక ప్రమాదం ఉంది. ఫోన్ ఉన్నవాడి గొంతే వినబడుతుంది. గేటెడ్ కమ్యూనిటీ గ్రూపులో ఒకరు "మా గేటు ముందు అనుమానాస్పద వ్యక్తి" అని ఫొటో పెడతారు. ఆ వ్యక్తి పాత బట్టలు కొనుక్కునేవాడో, పని వెతుక్కుంటూ ఒడిశా నుంచి వచ్చిన కూలీయో అయి ఉంటాడు. పది నిమిషాల్లో పెట్రోలింగ్ బండి వస్తుంది. అదే కూలీకి మేస్త్రీ మూడు నెలల కూలి ఎగ్గొడితే ఎవరికి మెసేజ్ పెట్టాలో అతనికి తెలియదు. పెట్టినా అది అతని భాషలో ఉంటుంది. పాలమూరు నుంచి వలస పోయిన మన మనుషులు ముంబైలో, పుణెలో అనుభవించిందీ ఇదే. కాబట్టి ఇక్కడికి వచ్చిన అలాంటి కూలీల తరఫున మాట్లాడే హక్కు మనకు మరింత ఉంది.

ఆడవాళ్లలో సొంత ఫోన్ లేనివారు ఎందరో. చదవడం రాని పెద్దలు ఎందరో. అందువల్ల టైపు చేసిన ఫిర్యాదుకు ఎంత విలువ ఉందో, తెలుగులో, ఉర్దూలో, లంబాడీలో పంపిన వాయిస్ మెసేజ్‌కూ అంతే విలువ ఉండాలి. మన పోలీసు పేజీల్లో సగం ఇంగ్లీషులో ఉంటున్నాయి. ఆ ఇంగ్లీషు ఎవరికోసం?

ఏం చేయాలి?

విమర్శ చేసి ఊరుకోవడం ఈ సభకు తగదు. చేయదగిన పనులు చెబుతాను.

మొదటిది, నంబరు ఠాణాది కావాలి. ఇప్పుడు చాలా కాలనీ గ్రూపులు ఎస్సై సొంత ఫోన్ మీద నడుస్తున్నాయి. ఆయన బదిలీ కాగానే గ్రూపు మూగబోతుంది. కొత్తగా వచ్చిన ఎస్సై మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు. ఎంతమంది మారినా ఠాణా నంబరు, ఠాణా ఖాతా, అందులోని పాత ఫిర్యాదుల చరిత్ర అలాగే ఉండాలి.

రెండోది, ప్రతి ఫిర్యాదుకూ గడువులోగా జవాబు. వాట్సాప్‌లో రెండు నీలం టిక్కులు పడితే చూశారని తెలుస్తుంది. ఏం చేశారో తెలియదు. పని అయితే అయిందని, కాకపోతే ఎందుకు కాలేదో, మా పరిధిలోది కాకపోతే ఎవరి దగ్గరికి పోవాలో రాయాలి. చట్టం కూడా ఇదే చెబుతోంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ పద్ధతిలో సమాచారం ఇవ్వొచ్చు, మూడు రోజుల్లో సంతకం చేయాలి. 193వ సెక్షన్ కింద 90 రోజుల్లోగా దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు తెలియజేయాలి, ఫోన్ మెసేజ్ ద్వారా అయినా సరే. ఇది పోలీసు దయాదాక్షిణ్యం మీద ఆధారపడిన సంగతి కాదు, పౌరుడి హక్కు. అలాగే ఎఫ్ఐఆర్‌లను సాధారణంగా 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది, లైంగిక నేరాల వంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఇచ్చింది. ఆ ఎఫ్ఐఆర్ ఎక్కడ చూడాలో ఠాణా గోడ మీద తెలుగులో రాసి పెడితే ఖర్చు ఏముంది?

మూడోది, నెలకొకసారి ఠాణా తన లెక్క తాను చెప్పాలి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్నిటికి కేసు కట్టారు, ఎన్నిటికి జవాబిచ్చారు, ఎన్ని మిగిలాయి. పోలీసుల మీదే వచ్చిన ఫిర్యాదులు ఎన్ని, వాటిలో ఏం తేలింది అన్నది కూడా అందులో ఉండాలి. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్ర స్థాయిలో, జిల్లా స్థాయిలో పోలీసు ఫిర్యాదుల సంస్థలు పెట్టమంది. అలాంటి సంస్థకు ఫోన్ నుంచే ఫిర్యాదు చేయగలిగిన రోజున ఠాణా పేజీ మీద జనానికి గురి కుదురుతుంది.

నాలుగోది, ఫొటోల నియమం. ఫిర్యాదుదారు, నేరం రుజువు కాని మనిషి, సోదాకు గురైన కుటుంబం, వీరి ముఖాలు పోలీసు పేజీలో ఎప్పుడూ కనబడకూడదు.

ఐదోది, నెలకు ఒక సాయంత్రం బస్తీలో సమావేశం. ఆ నెల ఆన్‌లైన్‌లో వచ్చిన ఫిర్యాదులను పేర్లు చెప్పకుండా అక్కడ చదివి, ఏం జరిగిందో బీటు కానిస్టేబుల్ చెప్పాలి. ఫోన్ లేనివాళ్లు అక్కడే తమ మాట చెప్పుకోవాలి. దూరం నుంచి మాట్లాడే సోషల్ మీడియా పేజీ గుడి మైకు లాంటిది, అందరికీ వినిపిస్తుంది గానీ ఎవరి మాటా వినదు. వినే చెవి బస్తీలో ఉండాలి.

వీటికి మనుషులు కావాలి. వినాయక నిమజ్జనం, బోనాలు, ఎన్నికలు, వీఐపీల రాకపోకలు, ఇలా ఏడాదంతా బందోబస్తులో నలిగే కానిస్టేబుల్‌కు జవాబు రాసే తీరిక ఎక్కడిది? పన్నెండు గంటలు ఎండలో నిలబెట్టి, రాత్రి వచ్చాక గ్రూపులో మర్యాదగా మాట్లాడు అంటే అది అన్యాయం. బీటు పనిని, జవాబు రాసే పనిని డ్యూటీగా లెక్కగట్టి, ఆ గంటలు వేరే పనికి లాగేసుకోకుండా కాపాడాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. పోలీసును గౌరవంగా చూడని వ్యవస్థ, ఆ పోలీసు జనాన్ని గౌరవంగా చూడాలని ఆశించలేదు.

జనానికీ బాధ్యత ఉంది. రూఢి చేసుకోకుండా ఏదీ ఫార్వర్డ్ చేయవద్దు. తెలియని మనిషి ఫొటో తీసి గ్రూపులో పెట్టవద్దు. ఫిర్యాదు చేశాక సాక్ష్యం చెప్పడానికి వెనకడుగు వేయవద్దు. మంచి పని చేసిన కానిస్టేబుల్ గురించి పై అధికారికి నాలుగు మాటలు రాయండి. తప్పు చేసినప్పుడు కూడా రాయండి.

చివరగా ఈ జిల్లా అధికారులకు ఒక విన్నపం. ఈ సభ ముగిసేలోగా ఒక ఠాణా పేరు చెప్పండి. ఏదైనా సరే, చిన్నదైనా సరే. ఏడాది పాటు ఆ ఠాణాకు వచ్చిన ప్రతి మాటకూ జవాబిద్దాం, ప్రతి నెలా లెక్క బయటపెడదాం, వచ్చే ఏడాది ఇదే సభలో ఆ ఠాణా కానిస్టేబుల్‌నే వేదిక మీదకు పిలిచి మాట్లాడమందాం. హెడ్డుగారికి మనం చేయగలిగిన నివాళి ఇదే.